తలుపు బయట వినపడిన నవ్వు

సత్తెనపల్లి,
11 ఫిబ్రవరి 2007.

సిద్దూ,

ఈ పిలుపు చూడగానే ఉత్తరం మడిచి అవతల పడేస్తావేమోనని భయంగా ఉంది. నిన్నలా పిలిచే చనువు నాకింకా మిగిలిందో లేదో తెలియదు. ఇంకోలా మొదలుపెట్టబోతే పెన్ను సాగలేదు. నేను కోటిరత్నాన్ని. గుంటూరు హాస్టల్లో మూడేళ్ళు నీ పక్క మంచం నాది. ఇప్పుడు ఇక్కడ హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. నేను నోరు తెరవకముందే పిల్లలు నవ్వడానికి సిద్ధంగా ఉంటారు. కాలేజీలో తెచ్చుకున్న పేరు ఇక్కడికి కూడా నా వెంటే వచ్చింది.

పోయిన నెల లక్ష్మీదుర్గ నిన్ను చీరాల స్టేషన్లో చూసిందట. పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూశావట, గుర్తుపట్టావట, మీ పాప చెయ్యి పట్టుకుని మాట్లాడకుండా వంతెన మెట్లెక్కి వెళ్ళిపోయావట. ఇంటికి చేరగానే నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "నేనేం చేశానే దానికి? కలిసి ఒకే కంచంలో తిన్నవాళ్ళం కదే" అని ఒకటే అడగడం. జవాబు నాకు తెలుసు. అయినా, ఏదో తొందరలో ఉండి ఉంటుందిలే అని సర్ది చెప్పి ఫోన్ పెట్టేశాను. నీ చేతిలో సంచి మీద మీ ఆయన పరుపుల షాపు పేరు చదివి గుర్తుపెట్టుకుంది దుర్గ. ఆ చిరునామాకే ఈ ఉత్తరం వేస్తున్నాను. షాపు నంబరు కనుక్కుని ఫోనే చేయొచ్చు గానీ, ఫోన్లో అయితే ఏదో ఒక జోకు వేసి తప్పించుకుంటాను. నా సంగతి నీకు తెలుసు.

మన వీలునామాల సభ సంగతి మొన్న మా స్టాఫ్ రూంలో చెబితే ఎవరూ నమ్మలేదు. వేరే కాలేజీల్లో వీడ్కోలంటే కేకు కోసి, ఫొటో దిగి, ఆటోగ్రాఫులు రాసుకుంటారు. మన కాలేజీలో ప్రాక్టికల్స్ అయిపోయిన మర్నాడు మధ్యాహ్నం, బోటనీ ల్యాబులో, మన బోటనీ మేడం గారి ముందే, వెళ్ళిపోయే ప్రతి పిల్లా చచ్చిపోయినట్టు లెక్క. ఎవరికేం రాసిచ్చి పోతున్నామో కాగితం మీద రాసి మడిచి ప్లీడరు వేషం వేసినదాని చేతికివ్వాలి. చచ్చినవాళ్ళు తమ వీలునామా తాము వినకూడదని రూలు. అందుకని ఆ పిల్ల బయటికెళ్ళి వరండాలో కుళాయి దగ్గర నిలబడాలి. తలుపేస్తారు. లోపల ప్లీడరు చదవడం, అందరూ నవ్వడం. చదివాక గుండెలు బాదుకుంటూ దొంగ శోకాలు పెట్టడం. అప్పుడు తలుపు తీసి, పోయినదాన్ని బతికించి లోపలికి తెచ్చి, రెండు మిరపకాయ బజ్జీలూ గోళీసోడా చేతిలో పెట్టడం. ఎవరు మొదలుపెట్టారో గానీ మన సీనియర్లూ చేశారు, వాళ్ళ సీనియర్లూ చేశారట.

మనం వెళ్ళిపోయే ఏడు ప్లీడర్ని నేను. నాటకాల పెట్టెలోంచి తీసిన నల్ల శాలువా, అద్దాలు లేని కళ్ళజోడు. దుర్గ వీలునామా నువ్వు కూడా విన్నావు కదా, వార్డెన్ దగ్గర మూడేళ్ళు పనిచేసిన కడుపునొప్పిని సెకండియర్ నజీరాకి రాసిచ్చింది, నెలకి రెండుసార్లకి మించి వాడొద్దని షరతు పెట్టి. చిల్లు బక్కెట్టు వార్డెన్ గారికి. ఉన్నది ఉన్నట్టు చదివితే నవ్వు సగమే వస్తుంది, మిగతా సగం నేను కలిపేదాన్ని. ఇరవై మందివి అయ్యేసరికి ల్యాబులో ఒకళ్ళూ బెంచీల మీద నిటారుగా కూర్చుని లేరు. అప్పుడు నీ వంతు వచ్చింది. నువ్వు బయటికి వెళ్ళావు.

నీ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రికార్డులో రాసినట్టే గుండ్రంగా, కొట్టివేత లేకుండా రాశావు. ఒక్క జోకు లేదు. డిసెక్షన్ బాక్సు నజీరాకి. పుస్తకాలూ నోట్సూ అన్నీ నజీరాకే. పరీక్షలు ఇంకా మొదలు కాకుండానే పుస్తకాలు పంచేస్తున్నావేమిటని నాకు అనుమానం రావలసింది. రాలేదు, ఎందుకంటే అందరూ ఏదో ఒకటి పంచేస్తున్నారు. గొంతు మార్చి, ముక్కుతో చదివి, దాన్నే నవ్వులాట చేశాను. చివరి వాక్యాలు దగ్గరికొచ్చాయి. అవి నువ్వు మరచిపోయి ఉండవు గానీ, నేను మరచిపోలేదని నీకు తెలియడానికి రాస్తున్నాను. "ఈ ఆదివారం మా నాన్న వినుకొండలో ఇంట్లోనే ఉంటారు. మేడం గారు గానీ మీలో ఒక్కరు గానీ వచ్చి, పరీక్షలయ్యేదాకా పెళ్ళి ఆపమని అడగండి. అడిగితే వింటారు. నోటితో చెప్పలేక ఇక్కడ రాశాను."

నేను ఆగాను. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. ఆ వాక్యాలు చదవలేదు సిద్దూ. వాటి బదులు, "నా మూడేళ్ళ మౌనాన్ని కోటిరత్నానికి రాసిస్తున్నాను, అది ఆవిడకే ఎక్కువ అవసరం" అని అప్పటికప్పుడు కల్పించి చదివాను. ల్యాబు దద్దరిల్లిపోయింది. ఆ నవ్వు నీకు బయటికి వినపడింది. నువ్వు ఏ వాక్యానికి ఆ నవ్వనుకున్నావో నాకు తెలుసు. మేమందరం నిన్ను చూసి నవ్వామనుకున్నావు. లేదు. నీ మాట ఆ గదిలో నేను తప్ప ఒక్కరు కూడా వినలేదు. దుర్గ వినలేదు, నజీరా వినలేదు, మేడం గారు వినలేదు.

నలుగురిలో నీ ఇంటి సంగతి బయటపెట్టడం ఇష్టంలేక దాచానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ గది మొత్తం నా చేతిలో ఉంది. ఆ రెండు ముక్కలూ చదివితే నవ్వు ఆగిపోతుంది. అది ఆగడం నాకిష్టం లేదు, అంతే. తర్వాత తలుపు తీసి నిన్ను లోపలికి తెచ్చారు. నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరపయార్డు గాలి ఇటు తిరిగినట్టుందే అని దుర్గ అంటే అందరం అవునన్నాం. మార్చిలో గుంటూరులో ఎవరి కళ్ళు ఎర్రబడినా అదే అంటాం కదా. నువ్వు ఒక్కొక్కళ్ళ మొహం వరసగా చూశావు. బజ్జీ ముట్టుకోలేదు. హాస్టలుకి పోయాక మాట్లాడదామనుకున్నాను. నేను మెస్సు దగ్గర అందరి మెచ్చుకోళ్ళూ విని గదికి వచ్చేసరికి మీ సిలార్ పెదనాన్న వచ్చి నిన్ను తీసుకెళ్ళిపోయారు. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

ఆదివారానికి ఇంకా రెండు రోజులు టైముంది. మేడం గారి ఇల్లు బ్రాడీపేటలో, నడిచి వెళ్ళేంత దూరం. వెళితే, నిన్ననే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అందుకని వెళ్ళలేదు. ఆదివారం నేను తలంటుకుని జువాలజీ చదువుకున్నాను. ఆ చదివింది కూడా నజీరా దగ్గర అడిగి తెచ్చుకున్న నీ నోట్సే. పరీక్షలో నా ముందు బెంచీ మీద సుద్దముక్కతో నీ నంబరు వేసి ఉంది. మొదటి రోజు ఆబ్సెంటు వేశారు. చివరి రోజు దాకా రోజూ వేశారు.

నన్ను క్షమించమని అడగను. దుర్గ మీద మాత్రం కోపం పెట్టుకోకు, మిగతా వాళ్ళ మీదా పెట్టుకోకు. వాళ్ళకేం తెలియదు. ఒక్కటే అడుగుతున్నాను, ఈ సంగతి దుర్గకి రాయకు. నిదానంగా వీలు చూసి నేనే చెప్పుకుంటాను. నువ్వు ఒప్పుకుంటే చీరాల వచ్చి నిన్ను చూడాలని ఉంది. ఒక్క కార్డు ముక్క రాసినా చాలు.

నీ పక్క మంచం,
కోటిరత్నం


చీరాల,
2 మార్చి 2007.

కోటిరత్నం,

పేరుకి ముందు ఏం రాయాలో తోచక ఒట్టి పేరే రాశాను. ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఉత్తరం షాపుకి వస్తే మా ఆయన తెచ్చిచ్చి, ఎవరు రాశారని అడిగారు. చదువుకునేటప్పటి స్నేహితురాలన్నాను. నీకు స్నేహితురాళ్ళు ఉన్నారని ఎప్పుడూ చెప్పలేదే అన్నారు.

నాదేం తప్పు లేదని నేను అనను. మూడేళ్ళు ఒకే గదిలో ఉండి నోరు తెరిచి అడగలేకపోవడం నా తప్పే. అడిగితే ఏడుస్తానని భయం. ఆ సభలో రాస్తే, చదివేవాళ్ళు వేరే, నేను బయట ఉంటాను, ఏడ్చినా ఎవరికీ కనపడదు అనుకున్నాను. నువ్వు కల్పించిన మౌనం మాట బాగుంది. లోపలుండి వింటే నేను కూడా నవ్వేదాన్ని.

ఇప్పుడు నీకు తెలియని సంగతి చెబుతాను. ఆ నవ్వు విన్నాక కూడా నాకు ఆశ చావలేదు. నవ్వితే నవ్వారు, తర్వాత ఆలోచించుకుని ఒక్కళ్ళైనా వస్తారనుకున్నాను. శనివారం నాన్నతో, రేపు కాలేజీ నుంచి నాకోసం వస్తారని చెప్పాను. నువ్వు మా నాన్నని చూడలేదు. ఇమాం హుస్సేన్ అంటే వినుకొండలో పరుపులు కుట్టే ఆయనని అందరికీ తెలుసు. వాళ్ళ అన్న మాటకి ఎదురు చెప్పి ఎరగడు. సిలార్ పెదనాన్న సంబంధం తెచ్చి ముహూర్తం కూడా తనే పెడితే, నాన్న తలూపి వచ్చాడు. ఆ శనివారం మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మా అన్నని నేనొక్కణ్ణీ కాదనలేనమ్మా. మీ మేడమో, నీతో చదివే పిల్లో వచ్చి అడిగిందనుకో, కాలేజీవాళ్ళు ఒప్పుకోవట్లేదని వాళ్ళ మీద పెట్టి నెల రోజులు ఆపుతాను. పరీక్షలు రాసుకుందువు గాని" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే పక్కింట్లోంచి రెండు కుర్చీలు అడిగి తెచ్చాడు. దూది అంటకుండా దాచుకున్న తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. అమ్మ ఇద్దరికి సరిపడా ఎక్కువ వండింది. గుంటూరు రైలు వచ్చే టైముకి నాన్న స్టేషన్‌కి వెళ్ళి, ఆడపిల్లలెవరైనా దిగుతారేమోనని చూసి వచ్చాడు. సాయంత్రం రైలుకి కూడా వెళ్ళాడు. తిరిగొచ్చి కుర్చీలు పక్కింట్లో ఇచ్చేశాడు. ఏమైందమ్మా అని అడిగాడు. నేను, అడిగాను నాన్నా, అందరూ నవ్వారు అని చెప్పాను. పెళ్ళి పెదనాన్న పెట్టిన రోజునే అయింది.

మా ఆయన మంచివాడే. నేను ఏడుస్తూ బతుకుతున్నానని అనుకోకు. పాప రెండో తరగతి. కానీ నాన్న ఆ మాట మరచిపోలేదు. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా, పెద్ద కాలేజీ అని పంపించి నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశానమ్మా అనేవాడు. తన తప్పని అనుకున్నాడు. మూడేళ్ళ కిందట పోయాడు. పోయే నెల కూడా అదే అన్నాడు. నీ ఉత్తరం అంతకు ముందు వచ్చి ఉంటే చదివి వినిపించేదాన్ని. మీ అమ్మాయిని చూసి ఎవరూ నవ్వలేదు నాన్నా, వాళ్ళు అసలు వినలేదు అని చెప్పేదాన్ని. నువ్వు తొమ్మిదేళ్ళు దాచావు. అందులో ఆరేళ్ళు ఆయన బతికే ఉన్నాడు. పరీక్ష సంగతి నేను వదిలేశాను కోటిరత్నం. ఇది వదలడం నా చేత కావట్లేదు.

దుర్గకి ఈ రోజే ఉత్తరం రాశాను. స్టేషన్లో చేసినదానికి ఏమీ అనుకోవద్దనీ, పై శుక్రవారం ఇంటికి వచ్చి భోజనం చేసి వెళ్ళమనీ రాశాను. నీ పేరు రాయలేదు. నువ్వు అడిగావని కాదు. అది నీ నోటితో చెప్పాల్సిన మాట. శుక్రవారం దుర్గ మా గుమ్మం ఎక్కేసరికి దానికి తెలిసి ఉండాలి. దానికే కాదు, ఆ రోజు ల్యాబులో ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పు. వాళ్ళందరినీ పేరుపేరునా తొమ్మిదేళ్ళు తిట్టుకున్నాను. దేనికి తిట్టానో, దానిలో వాళ్ళ తప్పేం లేదనీ వాళ్ళకి తెలియాలి. ఉత్తరాలు రాస్తావో ఫోన్లు చేస్తావో నీ ఇష్టం. చెప్పేటప్పుడు మాత్రం నవ్వించొద్దు.

నువ్వు రావద్దు. కోపంతో అంటున్నానని అనుకోకు, కోపం కూడా ఉంది గానీ దానికోసం కాదు. వస్తే నువ్వు ఏడుస్తావు. నేను దగ్గర కూర్చుని, పోనీలేవే అని నిన్ను ఓదార్చాలి. మా నాన్నని నేను ఆరేళ్ళు ఓదార్చాను. ఇంకొకరిని ఓదార్చే ఓపిక నాకు లేదు.

సిద్దికా