ఎనిమిది గొంతుల బండి

బుర్జ్ హమ్మూద్, బేరూత్, 1998 మార్చి 9

ప్రియమైన సెత్రాక్,

పదేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కవరు పొయ్యిలో వెయ్యకు. అంజర్ వ్యాను నడిపే మిహ్రాన్‌కి కాఫీ పోసి, బతిమాలి పంపిస్తున్నాను.

ముస్టాంగ్ వచ్చిందిరా. అరవై ఎనిమిది మోడల్ది, వెనక్కి వాలిన కప్పుది. హోవ్సెప్ ఉస్తాద్ దగ్గర మనం పని చేసే రోజుల్లో రోడ్డు మీద ఒకటి పోతే స్పానర్లు పారేసి గుమ్మంలోకి పరిగెత్తేవాళ్లం చూడు, అదే. ఒహాయో నుంచి ఓడలో నలభై రోజులు పట్టింది. రేవులో గుమాస్తా చుట్టూ తిరిగి చూశాడు.

"ఉస్తాద్, ఇది కారా, తుప్పు డబ్బానా? ఏమని రాయమంటావు?"

"పెళ్లికూతురని రాయి."

"అయితే మీ ఆవిడ సంతకం కూడా కావాలి" అన్నాడు వెధవ.

లోపల కార్పెట్ ఎత్తితే నేలే లేదు. అమ్మిన మహానుభావుడు నూనె డబ్బాల రేకులు పరిచి పైన తారు పూశాడు. అంతా కోసేసి కొత్త నేల అతికించాను. దహర్ ఎల్ బైదర్ కనుమ ఎక్కుతుంటే మరగకుండా పెద్ద రేడియేటర్ బిగించాను. పాత కార్బురేటర్ పీకేసి నాలుగు ఇటలీవి కూర్చోబెట్టాను. ఒక్కోదానికి గాలి పీల్చే గొంతులు రెండు, మొత్తం ఎనిమిది. ఎనిమిదీ ఒకే ఊపిరి పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస గొంతులో పెట్టి నువ్వు సరిచేసినట్టు ఈ దేశంలో ఇంకెవడు చెయ్యగలడు? ఒక్కరోజు రా.

నీ పాత తోటి పనివాడు,
బర్కేవ్

అంజర్, మార్చి 23

ప్రభువునందు ప్రియమైన బర్కేవ్,

జనం మొక్కడానికి దూడ బొమ్మ పోతపోసి, బంగారం నిప్పుల్లో వేశాను, దూడ దానంతటదే బయటికొచ్చిందన్నాడు అహరోను. నీ దూడ ఓడ దిగి వచ్చింది. అంతే తేడా. యాభై ఆరేళ్లొచ్చాయి, ఇంకా దాని చుట్టూ గంతులేనా? ఇనుముకు తుప్పు పడుతుంది బర్కేవ్, ఆత్మకూ పడుతుంది. తుప్పు మీద తారు పూసింది ఒహాయోవాడొక్కడే కాదు.

పదేళ్ల కిందట ఆ ఆదివారం నేను చేసిన బోధలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. ఇంజన్ ముట్టనని దేవుని ముందు ఒట్టు పెట్టుకున్నాను. రాను.

నీ ఆత్మ క్షేమం కోరే,
సెత్రాక్

తా.క. గొట్టం చెవిలో పెట్టకముందు నాలుగింటినీ కలిపే కడ్డీలు విప్పెయ్, లేకపోతే ఒకటి ఇంకోదాన్ని లాగుతుంది. ఎనిమిదింటిలోనూ ఒకే సైజు పెట్రోలు జెట్లు వేశావా? ఆపిల్ చెట్లకు నీళ్లు కడుతుంటే గుర్తొచ్చి రాశాను, ఇంకేం లేదు. ఇలాంటివి ఉత్తరాల్లో తేలవు. చర్చిలో ఫోను ఉంది, మిహ్రాన్ని అడిగితే నంబరు చెబుతాడు.

బుర్జ్ హమ్మూద్, ఏప్రిల్ 20

ప్రియమైన సెత్రాక్,

అసలు ఒట్టే పెట్టుకోవద్దని కదరా ప్రభువు చెప్పింది? నాకంటే నీకే బాగా తెలియాలి.

జెట్లు ఒకే సైజు. కడ్డీలు విప్పాను. గాలి కొలిచే యంత్రం కూడా తెప్పించాను, ఎనిమిది చోట్లా ముల్లు ఒకే అంకె మీద నిలబడుతోంది. అయినా నాకు నమ్మకం లేదు. పోయిన వారం ఇంజన్ నడిపి చూస్తుంటే మా ఆవిడ అర్పినే వంటింటి కిటికీలోంచి అరిచింది.

"ఏమయ్యా, నీ పెళ్లికూతురికి దగ్గు పట్టింది!"

"దాని దగ్గు సంగతి నీకెందుకు, పులుసు చూసుకో" అన్నాను. తర్వాత ఇంజన్ మూత మీద చెయ్యి పెడితే వణుకు తగిలింది. ప్లగ్గు వైరు ఒకటి ఊడి ఉంది. వారం రోజులుగా ఇంట్లో నాకు మర్యాద లేదు.

ఆపిల్ పూత ఎలా ఉంది? వారం రోజులు నువ్వు లేకపోతే చెట్లేం చావవు. రారా.

నీ
బర్కేవ్

అంజర్, మే 11

ప్రియమైన బర్కేవ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వాక్యం తప్ప ఇంకేదీ అన్నిసార్లు చదవను.

ముందు నా సంగతి ఒప్పుకుంటాను. పోయిన ఆదివారం బోధ మధ్యలో దమాస్కస్ రోడ్డు మీద ఒక అమెరికా బండి గేరు మార్చుకుని ఎత్తు ఎక్కింది. చదువుతున్న వచనం మర్చిపోయాను. అది కొండ మలుపు దాటి, చప్పుడు సన్నబడి, పూర్తిగా పోయేదాకా నోరు తెరుచుకుని నిలబడ్డాను. సంఘమంతా నా మీదకు పరిశుద్ధాత్మ దిగిందనుకుని తలలు వంచారు. నా ఒట్టు ఎంత గట్టిదో చూడు.

ఇప్పుడు నువ్వు ఒప్పుకో. ప్లగ్గు వైరు ఊడిన బండిని ఒకప్పుడు వీధి చివర్నుంచే పట్టేసేవాడివి. నీకంటే ముందు అర్పినే ఎలా పట్టింది? ఫోన్ చెయ్యమంటే చెయ్యవు. ముల్లు సరిగ్గానే చూపిస్తోందంటావు, ముల్లుకు నా చెవి అక్కర్లేదు. నన్ను పిలుస్తున్నది దేనికి? నిజం చెప్పు. ఇది బోధకుడు అడగడం లేదు.

సెత్రాక్

బుర్జ్ హమ్మూద్, మే 18

ప్రియమైన సెత్రాక్,

దొరికిపోయాను.

కుడి చెవి రెండేళ్ల కిందే పోయింది. నలభై ఏళ్లు రేకులు కొట్టినందుకు జీతం. ఎడమ చెవి వేసవి దాటేదాకా ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఫోన్లో మాటలు నాకు రేకుల మీద గులకరాళ్లు పోసినట్టుంటాయి. అర్పినే ఎడమవైపు కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే తెలుస్తుంది. బయట ఇంకెవరికీ చెప్పలేదు, చెవిటి మేస్త్రీకి బండి ఎవడిస్తాడు?

బండి సాకు. అంటే బండి మీద నాకు పిచ్చి లేదని కాదు. కానీ దాన్ని ముల్లు చూసి సర్దుకోగలను. సర్దేశాను కూడా.

ఆ ఆదివారం నేను మూడో బల్ల మీద కూర్చున్నాను. నువ్వు నావైపు వేలు చూపించి, "బర్కేవ్, నీ గ్యారేజీ ఒక గుడి, నువ్వు దాని పూజారివి. లేచి బయటికి పో" అన్నావు. అర్పినే చెయ్యి పట్టుకుని లేచి పోయాను. నీ నోటి నుంచి నేను విన్న చివరి మాట అదే.

ఇప్పుడు చప్పుళ్లు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. పిచ్చుకలు పోయాయి, కుళాయి పోయింది, పక్కింటి రేడియో పోయింది. అవి పోతున్న కొద్దీ ఆ మాట పెద్దదవుతోంది సెత్రాక్. చెవి మూసుకుపోయాక లోపల అదొక్కటే మిగిలిపోతుందేమోనని భయంగా ఉంది. నీ గొంతుతో ఇంకేదైనా మాట వినాలి. తిట్టినా సరే. కాఫీ తాగావా అన్నా సరే.

బర్కేవ్

అంజర్, మే 22

నా బర్కేవ్,

పేతురు కత్తి దూసి ఒక మనిషి చెవి నరికాడు. ప్రభువు ముట్టుకుని బాగుచేశాడు. నేను నాలుకతో నరికాను, బాగుచేసే చెయ్యి నాకు లేదు. ఉన్నది అదే నాలుక.

తప్పు సంఘం ముందు చేశాను కాబట్టి సంఘం ముందే ఒప్పుకున్నాను. నిన్న సాయంత్రం ప్రార్థన అయ్యాక లేచి, నీ పేరు చెప్పి, ఈ ఆదివారం బోధ ఉండదన్నాను. "మీ బోధకుడు ఒక మనిషి దగ్గరకు వెళ్లాలి" అన్నాను. ముందు వరసలో ముసలి వార్తిటెర్, "ఇవాళ గుర్తొచ్చిందా నాయనా? పదేళ్లుగా ఆ మనిషి అక్కడే ఉన్నాడు కదా!" అంది.

ఈ ఉత్తరం మిహ్రాన్ ఇవాళ సాయంత్రం నీకిస్తాడు. రేపు పొద్దున మొదటి ట్రిప్పులో నేను వస్తాను. నీకు చెప్పాల్సిన మాట ఈ కాగితం మీద రాయడం లేదు. రాస్తే కళ్లతో చదివేస్తావు, అది లెక్కలోకి రాదు.

నేను ఎడమవైపు కూర్చుంటాను. గుమ్మంలో కనబడగానే ఇంజన్ ఆపెయ్.

సెత్రాక్