తూర్పు వరస మట్టి

1948 జూలై, బుధవారం రాత్రి

తోటంతటికీ వేద్దామని మైలవరం నుంచి తెప్పించిన అమ్మోనియా ఎరువు బస్తాలు సావిట్లో ఉన్నాయి. సాయంత్రం నూజివీడు నుంచి డాక్టరైన మా తమ్ముడు మైక్రోస్కోపు తీసుకుని వచ్చాడు. ఏటా పశువుల పెంట వేసే మామిడిచెట్టు కింది మట్టిని నీళ్లలో కలిపి, ఒక చుక్క అద్దం మీద పెట్టి చూడమన్నాడు.

ఆ చుక్క నిండా సన్నటి ప్రాణులు ఈదుతున్నాయి.

కొన్నేళ్లుగా అమ్మోనియా ఒక్కటే వేస్తున్న తూర్పు వరస మట్టిలో మాత్రం ఒకటీ అరా కదిలాయి.

"అక్కడా కాపు బాగానే ఉందిగా?" అన్నాను.

"చెట్టుకి తిండి అందుతోందన్నయ్యా. వీటికి పెంటా, ఆకులూ కావాలి. నేలకి బలం వీటివల్లే."

అమ్మ చాలాసేపు కన్ను తీయకుండా చూసింది. "చెట్లకే పెంట వేయిస్తున్నా అనుకున్నానురా. ఇంతమందికి అన్నం పెడుతున్నానని తెలీదు," అంది.

తూర్పు వరసలో పోయినవి మళ్లీ వస్తాయా అని తమ్ముణ్ణి అడిగాను. చెప్పలేనన్నాడు.

బస్తాలు అలాగే ఉండనీ. రేపు మొదటి బండి పెంట తూర్పు వరసకే తోలిస్తాను.