ఏనుగు తోక మీద ఫిర్యాదు

అగ్రికో, జంషెడ్‌పూర్,
హోలీ వెళ్ళిన మర్నాడు.

‘అడవి బాట’ ఫోటో యాత్రల నిర్వాహకులు శ్రీ దీపక్ గారికి, అగ్రికో నుంచి జానకీదేవి నమస్కారాలు.

‘మీ అనుభవం ఎలా ఉంది?’ అని మీరు వాట్సాప్‌లో అడిగారు. కింద అయిదు నక్షత్రాలు పెట్టి, ఎన్ని ఇస్తానో నొక్కమన్నారు. నేను రిటైరయ్యేదాకా బడిలో తెలుగు చెప్పిన మనిషిని. మార్కులు వేశాను గానీ నక్షత్రాలు ఎప్పుడూ వెయ్యలేదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. పైగా, ఫోన్లో తిట్టింది గాలికి పోతుంది, కాగితం మీద తిట్టింది ఫైల్లో ఉంటుంది. మీరూ కాగితం మీదే జవాబివ్వాలి.

మొన్న ఆదివారం దల్మా కొండకి మీ జీపులో వచ్చాను. ఏనుగుని ఫోటో తీయాలన్నది నా కోరిక. మీరు నాకిచ్చిన గైడు అప్పన్న. ఆ అప్పన్న అడవి గేటు దగ్గర నోరు తెరిచాడు, మళ్ళీ గేటు దగ్గరికి వచ్చేదాకా మూయలేదు. “ఏటమ్మా, కెమేరా అంత బరువుంటే మెడ నొప్పెట్టదా? మా పైడమ్మకి నొప్పొత్తే ఆముదం రాసుకుంటాది” అన్నాడు. అక్కణ్ణుంచి పైడమ్మ అంటే తన భార్య అని, ఆవిడకి ఒక మేక ఉందని, ఆ మేక ఒకసారి పక్కింటి పెళ్ళి శుభలేఖలు తినేసిందని, ఆ పెళ్ళికి ఎవరూ రాలేదని చెప్పుకుంటూ పోయాడు.

తీరా మడుగు దగ్గరికి ఏనుగు వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి కెమెరా ఎత్తాను. “అదిగోనమ్మా! వచ్చేసినాది! సూడండి, సూడండి!” అని అరిచాడు. ఏనుగు వెనక్కి తిరిగింది. నా కెమెరాలో దాని తోక, తోక చుట్టుపక్కల ప్రాంతం పడ్డాయి.

ఇంకొకటి. మీరిచ్చిన సాండ్‌విచ్ నా చేతిలోంచి లాక్కున్నాడు. “ఎండు రొట్టి తింటే కడుపులో రాయైపోద్దమ్మా” అని ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిరప కలిపిన మరమరాలు పెట్టాడు. నాకు బీపీ ఉంది.

తగిన చర్య తీసుకోగలరు.

ఇట్లు,
ఓపిక పట్టిన
జానకీదేవి.

తా.క.: ఆ మరమరాలు సాక్చి బజారులో ఏ కొట్టులో కొంటాడో కనుక్కుని రాయండి. ఇది ఫిర్యాదు కాదు.

*

సాక్చి,
మార్చి నెలాఖరు.

గౌరవనీయులైన జానకీదేవి మేడమ్ గారికి, దీపక్ నమస్తే.

మేడమ్, నేను పుట్టింది, చదివింది అంతా ఇక్కడే. తెలుగు రాయడం మా అమ్మ నేర్పింది. తప్పులుంటే మాఫ్ చేయండి.

మీకు కలిగిన అసౌకర్యానికి మేము చాలా విచరిస్తున్నాము. మా కంపెనీ కొత్తది. ఉన్నవి రెండు జీపులు, ఇద్దరు గైడులు. ఒక్క కస్టమర్ కోపగించుకున్నా మాకు పెద్ద నష్టం. అప్పన్నకి గట్టి వార్నింగ్ ఇచ్చాను. మీకు ఏప్రిల్‌లో ఇంకొక ట్రిప్పు మా తరఫున ఉచితం. ఈసారి హరిప్రసాద్ అనే గైడు వస్తాడు. అతను ట్రైనింగ్ అయినవాడు. అస్సలు మాట్లాడడు. అడవిలో అతను ఉన్నట్టు అతనికే తెలియదు.

మీ సేవలో,
దీపక్.

తా.క.: మరమరాల కొట్టు గురించి అప్పన్నని అడగలేకపోయాను. వార్నింగ్ ఇచ్చాక అలాంటివి అడగడం బాగుండదు కదా.

*

అగ్రికో,
శ్రీరామనవమి.

దీపక్ గారికి జానకీదేవి ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. ‘విచారిస్తున్నాము’ అని రాయబోయి ‘విచరిస్తున్నాము’ అని రాశారు. విచరించడమంటే తిరగడం. ఏనుగులు విచరిస్తాయి, నిర్వాహకులు విచారిస్తారు. ఎర్ర సిరాతో దిద్ది పంపుతున్నాను. పదిసార్లు రాసుకోండి.

హరిప్రసాద్‌తో వెళ్ళొచ్చాను. నిజమే, మాట్లాడడు. ఇప్పచెట్టు కింద పూలు రాలి అడవంతా ఘుమఘుమలాడుతుంటే, ఆ వాసన ఏమిటని అడిగాను. చెట్టుకేసి వేలు చూపించాడు. దాహంగా ఉందన్నాను. సీసాకేసి వేలు చూపించాడు. ఏనుగు వచ్చింది. దానికేసీ అదే వేలు. ఏనుగు నాకెదురుగా నిలబడింది, చెవులు విప్పింది, తొండం ఎత్తింది. అద్భుతమైన ఫోటో వచ్చింది. ఫ్రేము కట్టించి గోడకి పెట్టాను.

వచ్చినవాళ్ళు చూసి “బాగుందండీ” అంటారు. “బాగుంది” అంటాను. అంతే. తరవాత ఏం చెప్పాలో నాకు తెలియదు. అదే తోక ఫోటో చూపిస్తే పైడమ్మ, మేక, శుభలేఖలు, అన్నీ చెప్తాను. పక్కింటి నందిత నవ్వలేక కూలబడింది.

మా వారు ఉమామహేశ్వర్ గారు ప్లాంటులో రోలింగ్ మిల్లు ఇంజనీరు. పెళ్ళయిన కొత్తలో ఆదివారం వస్తే రాజ్‌దూత్ మీద నన్నెక్కించుకుని దల్మా బయల్దేరేవారు. మానగో వంతెన దాటగానే మాటలు మొదలు. వెనక్కి తిరిగి నాతో మాట్లాడుతూ బండి నడిపేవారు. రోడ్డు నేను చూసేదాన్ని. కొండ మీద పులిహోర తింటూ, కింద ప్లాంటు పొగలు చూస్తూ, ఏ పొగ ఏ ఫర్నేసుదో చెప్పేవారు. ఏనుగు కనిపిస్తే తీద్దామని కెమెరాలో రీలు వేసుకొచ్చేవారు. ఆయన గొంతుకి ఏ ఏనుగు వస్తుంది? సాయంత్రమయ్యేసరికి, “రీలు వృథా ఎందుకు, అలా నిలబడు జానకీ” అనేవారు. బిష్టుపూర్ స్టూడియోలో కడిగిస్తే ఫోటోలన్నిట్లోనూ నేనే. ఇంత మంది జానకీదేవులు ఉన్నారు మా బీరువాలో, ఏనుగు ఒక్కటీ లేదు. ఆయన పోయాక ఇల్లంతా హరిప్రసాద్‌లా అయిపోయింది.

అసలు విషయానికి వస్తాను. అప్పన్న సంగతి నేను ఇంతటితో వదిలిపెట్టను. అతని మీద రాయాల్సింది ఇంకా చాలా ఉంది. వచ్చే ట్రిప్పుకి అతన్నే నా ముందు నిలబెట్టండి.

ఇట్లు,
జానకీదేవి.

తా.క.: హరిప్రసాద్‌ని ఏమీ అనకండి. మంచివాడు. దిగేటప్పుడు థాంక్స్ చెప్తే తన గుండెకేసి వేలు చూపించాడు.

*

సాక్చి,
ఏప్రిల్ మూడో వారం.

పూజ్యులైన జానకీదేవి మేడమ్ గారికి, దీపక్ భయపడుతూ రాయునది.

మేడమ్, మీ రెండో ఫిర్యాదు చదివాను. రాత్రి అన్నం సహించలేదు. హరిప్రసాద్ వల్ల మీ ఇల్లు పాడైందని రాశారు. అది ఎలాగో నాకు సమఝ్ కాలేదు, అయినా క్షమాపణ చెప్తున్నాను. అప్పన్నని వదిలిపెట్టనన్నారు. మీ ముందు నిలబెట్టమన్నారు. అతనికి పెళ్ళాం ఉంది మేడమ్, మీ ముందు ఎలా నిలబెట్టను? అందుకే సీరియస్ యాక్షన్ తీసుకున్నాను. నిన్నటి నుంచి అతన్ని పనిలోంచి ఆపేశాను.

అప్పన్న ఏమన్నాడో కూడా నిజాయితీగా రాస్తున్నాను. “బాబూ, ఆయమ్మ దారి పొడుక్కీ నవ్వినాది. నా కళ్ళతో సూసినాను. నవ్వినోళ్ళు పితూరీ రాత్తారేటి?” అన్నాడు. కస్టమర్ నవ్వుని నమ్మకూడదని చెప్పాను.

ఇకనైనా మమ్మల్ని మన్నించండి.

మీ విధేయుడు,
దీపక్.

తా.క.: ‘విచారిస్తున్నాము’ పదిసార్లు రాసి జతపరిచాను. ఏడోది కొంచెం వంకరగా వచ్చింది. అప్పుడే అప్పన్న వెళ్ళిపోతున్నాడు.

*

అగ్రికో,
ఉత్తరం అందిన రోజే.

ఓరి దీపక్!

ఆశీస్సులు తరవాత. ముందు ఇది చదువు.

నీ ఉత్తరం చదవగానే ఆటో ఎక్కి, జీపులో అప్పన్న చెప్పిన వాళ్ళ పేట సీతారాండేరాకి వెళ్ళాను. అప్పన్న ఇల్లు ఎక్కడని అడిగితే, “మాటల అప్పన్నా?” అని నలుగురు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. గుమ్మంలో కూర్చుని సైకిలు చైనుకి నూనె వేస్తున్నాడు. ఆ మేక నిజంగానే ఉంది. నా సంచీకేసి ఆశగా చూసింది.

పైడమ్మ నాకు కుర్చీ వేసి, లోపలికి వెళ్ళి మళ్ళీ రాలేదు. అతను లేచి నిలబడ్డాడు.

“నా మీద రాసినారంట కదమ్మా.”

“రాశాను. నువ్వు వాగుతావు.”

“వాగుతానమ్మా. అడివిలో నోరు మూసుకుంటే నాకు బయమేత్తది. మా అయ్య నాకు ఊహ తెలవకముందే పోనాడు. మా యమ్మ ఆకులేరడానికి నన్ను ఎంటేసుకుని కొండెక్కీది. నా సెయ్యి పట్టుకుని దారి పొడుక్కీ మాటాడీది. ఆ మాట ఆగిందంటే, అమ్మ ఏదైపోనాదో అని ఏడిసీవోణ్ణి. ఇప్పుడు ఎవరినైనా అడివికి తీసుకెల్తే నాకు అదే వత్తాది. మాట ఆపితే ఆళ్ళు బయపడిపోతారేమో అనిపిత్తాది.”

“మరి ఇప్పుడేం చేస్తావు?”

“కాంట్రాక్టు పనికెల్తానమ్మా. ప్లాంటులో ఆ మిషన్ల మోతకి నా మాట ఎవలకీ ఇనపడదు. ఎవలూ పితూరీ రాయరు.”

అది విని తిన్నగా ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలెట్టాను దీపక్. ఇల్లంతా గోల చేసే మనిషి వినపడని చోటికి పోతానంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఒక్క మాట చెప్తాను, ఫైల్లో పెట్టుకో. మా ఇళ్ళల్లో నచ్చినవాళ్ళ మీదే ఫిర్యాదులు చేస్తాం. నచ్చనివాళ్ళని “చాలా మంచివాడండీ” అని ఊరుకుంటాం. కాపరానికి వచ్చిన వారం నుంచీ నేను మా వారి మీద మా అత్తగారికి ఫిర్యాదులు చేస్తూనే ఉన్నాను. ఆవిడ నీలాగా సీరియస్ యాక్షన్ తీసుకుని ఆయన్ని తీసేసి ఉంటే నా గతి ఏమయ్యేది?

వెంటనే అప్పన్నని పిలిపించు. లేదా నా తరవాతి ఉత్తరం నీ మీద ఉంటుంది. అది మీ అమ్మకి రాస్తాను.

ఇట్లు,
జానకీదేవి.

తా.క.: నీ ఉత్తరం సగం మేక తినేసింది. మిగిలిన సగంలో నీ సంతకం ఉంది, భద్రంగా దాచాను.

*

సాక్చి,
మే మొదటి వారం.

అమ్మగారికి దీపక్ పాదాభివందనాలు.

మీ ఉత్తరం మా అమ్మ ముందే చదివేసింది. కవరు మీద మీ చేతిరాత చూసి “ఇంత గుండ్రటి రాత ఎవరిదిరా?” అని విప్పింది. మొత్తం చదివి, “నువ్వు మీ నాన్న లాగే ఉన్నావు, చెప్పింది వింటావు, అర్థం చేసుకోవు” అంది. సాయంత్రమే సీతారాండేరా వెళ్ళి అప్పన్నని తీసుకొచ్చాను.

కానీ ఒక ముష్కిల్ ఉంది అమ్మగారూ. ఈ ఆదివారం ట్రిప్పుకి కలకత్తా నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు. సొరకాయంత లెన్సు ఉంది ఆయనకి. ఆయనకి నచ్చితే ఏడాది పొడుగునా గ్రూపులని పంపిస్తారు. లేకపోతే వానాకాలం దాటేలోపు ఒక జీపు అమ్మేయాలి. అడవిలో చిన్న చప్పుడు కూడా ఉండకూడదని ముందే చెప్పారు. నాకు వేరే గైడు లేడు, హరిప్రసాద్ వాళ్ళ అక్క పెళ్ళికి వెళ్ళాడు. అందుకని అప్పన్నకి షరతు పెట్టాను. ఆ ఒక్క రోజు మాట్లాడకూడదు. “అలాగే బాబూ, నోటికి తాళమేసుకుంటాను” అన్నాడు. అది చెప్పడానికే చాలా సేపు మాట్లాడాడు.

మీకు అతని పక్క సీటే ఉంచాను. దయచేసి రండి.

మీ
దీపక్.

తా.క.: షరతు అప్పన్నకి మాత్రమే. మీకు షరతు పెట్టే ధైర్యం నాకు లేదు.

*

అగ్రికో,
ఆదివారం దాటిన సోమవారం.

చిరంజీవి దీపక్‌కి జానకీదేవి ఆశీర్వదించి రాయునది.

ఇవాళో రేపో నీకు ఒక ఫిర్యాదు వస్తుంది. అది అప్పన్న మీద కాదు. నా మీద. ఎవరో చెప్పి తెలిసేకంటే నేనే చెప్తాను.

అప్పన్న మాట నిలబెట్టుకున్నాడు. గేటు దగ్గర నోరు మూశాడు. దారిలో నెమలి కనిపించింది, మింగాడు. కణుజు దుప్పి కనిపించింది, మింగాడు. పాపం, మెడ నరాలు ఉబ్బిపోయాయి. కలకత్తా ఆయన చాలా సంతోషించారు. నాకు మాత్రం ఆ నిశ్శబ్దంలో, జీపు ఎటు పోతోందో, నేనెందుకు వచ్చానో కూడా తోచలేదు.

ఎండ వాలేవేళకి మడుగు దగ్గరికి మంద వచ్చింది. ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు, దాని కాళ్ళ మధ్య పిల్ల. ఆ పిల్లకి తొండంతో నీళ్ళు పీల్చడం ఇంకా రాదు. తొండాన్ని అటూ ఇటూ ఊపింది. పని చెయ్యలేదు. చివరికి మోకాళ్ళ మీద కూలబడి నోరు నీళ్ళలో పెట్టేసి తాగుతోంది. నేను కెమెరా ఎత్తాను. ఎత్తాను గానీ నొక్కడం మర్చిపోయాను.

“ఏవండీ! ఏవండీ! చూడండి, అదిగో!” అని అడవి దద్దరిల్లేలా కేక వినిపించింది.

నాకు అప్పన్న మీద ఒళ్ళు మండిపోయింది. తిరిగి చూస్తే, రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాడు. అరిచింది నేను. నా చేతిలో కెమెరా సంచీ పట్టీ ఉంది. మా వారి చొక్కా చెయ్యి పట్టుకుని లాగినట్టు దాన్ని లాగుతున్నాను.

జీపులో అందరూ నాకేసి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను దీపక్. అప్పుడు అప్పన్న నోటి మీంచి చేతులు తీశాడు.

“సూత్తన్నానమ్మా,” అన్నాడు మెల్లిగా. “సూత్తన్నాను. ఎంత బాగున్నాదో.”

అంతే. నా కళ్ళజోడు తడిసిపోయి ఇంకేమీ కనపడలేదు. “ఇప్పుడేం చేస్తోంది?” అని అడిగాను. చెప్పాడు. పిల్ల లేచిందన్నాడు, తల్లి దాని వీపు మీద నీళ్ళు జల్లుతోందన్నాడు, వెనకున్న ముసలి ఏనుగు అందరికీ దారి ఇచ్చి ఆఖర్న తాగుతోందన్నాడు. నేను అడుగుతూనే ఉన్నాను, అతను చెప్తూనే ఉన్నాడు. ఏనుగులు మమ్మల్ని ఒకసారి చూసి, మళ్ళీ వాటి పనిలో పడ్డాయి.

కాసేపటికి కలకత్తా ఆయన నా భుజం తట్టి, “యే క్యా బోల్ రహా హై?” అని, అప్పన్న ఏం చెప్తున్నాడో అడిగారు. హిందీలో చెప్పాను. కాసేపాగి మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. తిరుగు దారిలో నెమలి గురించి, కణుజు గురించి అప్పన్న మింగినవన్నీ బయటికి వచ్చాయి. మేక దగ్గరికి వచ్చేసరికి, నాకు నవ్వొచ్చి ఒక ముక్క హిందీలో చెప్పడం వదిలేశాను. ఆయనకి కోపం వచ్చింది. “కంపెనీకి కంప్లయింట్ రాస్తాను. ట్రాన్స్‌లేటర్ పని సరిగ్గా చెయ్యలేదు” అన్నారు. తరవాతి గ్రూపుతో దసరాకి వస్తారట. అప్పటికి నేను బాగా తయారై ఉండాలట.

నన్ను కావలసినంత మందలించు. పనిలోంచి మాత్రం తీసెయ్యకు.

ఇట్లు,
నీ కంపెనీ కొత్త ఉద్యోగిని
జానకీదేవి.

తా.క.: శనివారం మధ్యాహ్నం అప్పన్న, పైడమ్మ మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. మీ అమ్మని తీసుకుని నువ్వూ రా. మాట్లాడే వంతు మాత్రం నీ దాకా రాకపోవచ్చు.