సూజిన్ ఏ కోర్సులో చేరాలి

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

ఇక్కడ సౌదీలో, తబూక్‌లో మా పై వాటాలో ఉండే కొరియా టీచరు సూజిన్, సెలవు ముగిసేలోగా ఇంగ్లీషు బోధనలో సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. లేకపోతే ఆమె క్లాసు వేరొకరికి ఇచ్చేస్తారు. రెండు కోర్సుల నియమాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదానికి పరీక్ష రాస్తే చాలు. రెండోదానిలో పరీక్షకులు చూస్తుండగా ఆన్‌లైన్‌లో పిల్లలకు పాఠం చెప్పాలి.

"ఎవరైనా చూస్తుంటే నాకు మాట రాదక్కా," అంది సూజిన్ నాతో.

నువ్వైతే ఏం చెప్పేదానివో ఆలోచించి, ఆ భయం పోవాలనే రెండోదాన్లో చేరమన్నాను.

ఇవాళే ఆ పాఠం. నాకు అన్నం దిగలేదు.

"ఆమె ఫెయిలైతే మన ఇకామా రద్దు చేసి దేశం నుంచి పంపిస్తరా ఏంది?" అని మీ మరిది నవ్వుతున్నాడు.

కిటికీలోంచి సూజిన్ గొంతు వినిపిస్తోంది. ఇప్పుడే మాట మధ్యలో ఆగిపోయింది. నీ క్లాసులో పిల్లలు అలా ఆగితే నువ్వు మాట అందించకుండా కాచుకుని ఉండేదానివి. ఎంతసేపు కాచుకోవాలో నిన్నెప్పుడూ అడగలేదక్కా.