మార్తా మొగుడు వచ్చిండా?

వనపర్తి హాస్టల్,
డిసెంబరు 6.

ప్రియమైన అవ్వకు,

మనీషా వందనాలు. నేను బాగానే ఉన్నాను. నా ఇంగ్లీషే బాగాలేదు. అర్ధ సంవత్సరం పరీక్షలో ఎనభైకి పంతొమ్మిది వచ్చాయి. ఇరవై ఎనిమిది వస్తేనే పాసు. పోయిన ఆదివారం నాయిన వచ్చి, "ఫిబ్రవరి ప్రీఫైనల్‌ల గిట్లనే తప్పినవంటే ఇంటర్ లేదు, గింటర్ లేదు. వానలు పడంగనే సీడు పత్తి చేనుకే" అని చెప్పిపోయాడు. పొద్దంతా ఎండలో విత్తనాల కోసం పత్తి పూలు గిల్లడం నా వల్ల కాదవ్వా. ఇక్కడ ఫోన్లు బంద్, అందుకే ఈ ఉత్తరం.

గ్రామర్ ఎట్లాగో బట్టీ కొడుతున్నా. అమెరికా పాఠంలో మాత్రం మార్తా నా ప్రాణం తీస్తోంది. ఆమె భర్త డేనియల్ బంగారు గనుల్లో పనికని పోయి మూడేళ్లు. ఉత్తరం లేదు, కబురు లేదు. బయట మోకాళ్ల లోతు మంచు, లోపల అత్త పోరు. మా ఇద్దరి కోసం ప్రార్థన చెయ్యి.

నీ మనవరాలు,
మనీషా

తా.క.: మార్తా ఏడ్చిందని రాస్తే రెండు మార్కులే. ఎందుకు ఏడ్చిందో రాస్తే ఎనిమిది. నాకు ఏడుపొక్కటే వస్తోంది.

*

రాజోలి,
డిసెంబరు 14.

రాజోలి సంఘమునందలి పుష్పమ్మ, వనపర్తియందు విద్య నేర్చుకొనుచున్న మనుమరాలు మనీషాకు శుభము కోరి వ్రాయునది.

ఇగ అసలు సంగతికొస్త. నీ ఉత్తరం సదివినకాడికెళ్లి మార్తా గురించి ఒకటే పరేషాన్. మూడేండ్లు కబురు లేదా! మనూరోళ్లు పూనా పోయినా వారానికొకసారి ఫోన్ చేస్తరు కద. ఆమెకు అన్నదమ్ములు లేరా? పెద్దమనుషుల్ల పెట్టిండ్రా? ఆ అత్త నోరు మూపియ్యనీకె వాడకట్టుల ఒక్క ఆడిది లేదా?

చర్చిల ప్రార్థన పెట్టె ఉంటది కద, చీటీ రాసి ఏసిన. డేనియల్ ఇంటికొచ్చేదాక శుక్రవారం శుక్రవారం ఉపాసం పట్టిన. పక్కింటి జోగులమ్మ మన చర్చికి రాదు గని, మనసాగక వాళ్ల జములమ్మ తల్లికి కోడిని మొక్కింది.

పానం మంచిగ చూసుకో.
మీ అవ్వ పుష్పమ్మ

తా.క.: బస్సు డ్రైవర్ సుదర్శన్ చేతికి గొంగడి ఇచ్చిన. మంచుల ఉన్నదంటివి, మార్తాకియ్యి.

*

వనపర్తి,
డిసెంబరు 22.

అవ్వా, వందనాలు.

ఆ గొంగడి కప్పుకునే రాస్తున్నా. మార్తా మనిషి కాదు, పాఠం! ఎవరో అమెరికా ఆయన కూర్చుని అల్లిన కథ. మార్తా లేదు, డేనియల్ లేడు, ఆ అత్త కూడా లేదు. నీకేమో షుగరు. దండం పెడతా, ఉపవాసం మానెయ్.

ఇంకో సంగతి. మాకు వచ్చే ఉత్తరాలు, పోయే ఉత్తరాలు అన్నీ ఇంగ్లీషు రేఖా మేడం చదువుతుంది. నీ ఉత్తరం చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వో, ఏడుపో తెలియలేదు. నాకైతే సిగ్గుతో చచ్చినంత పనయింది.

నీ మనీషా

తా.క.: అర్జెంటుగా జోగులమ్మ కోడిని ఆపు.

*

రాజోలి,
జనవరి 5.

ఉపవాసమందుండియు కలము పట్టిన పుష్పమ్మ, తొందరపాటు గల మనుమరాలికి వ్రాయునది.

లేదని ఎట్లంటవు బిడ్డా? అచ్చేసిన పుస్తకంల ఉన్నది. దాని మీద పరీక్ష పెడుతున్నరు. లేని మనుషుల గురించి పిల్లలను పరీక్షలు అడుగుతరా? నువ్వే సగం సదివి చెప్తున్నవు. పాఠం కుదురుగ సదివి, డేనియల్ వచ్చిండో రాలేదో రాయి.

మూడు శుక్రవారాలాయె. మొన్న చర్చిల జర కండ్లు తిరిగినయి. నా గురించి ఫికర్ చెయ్యకు, నువ్వు సదువు.

మీ అవ్వ

తా.క.: జోగులమ్మ కోడి మొక్కుది కదా, ఎవరూ తోలరాదు. గింజలు మేసి మేసి బలిసి, ఇప్పుడు వాళ్లాయననే ఇంట్లకు రానిస్తలేదు.

*

వనపర్తి,
జనవరి 12.

అవ్వా,

కండ్లు తిరిగాయని చదివి అప్పుడే పుస్తకం తెరిచాను. పాఠం మూడుసార్లు చదివాను. డేనియల్ వచ్చాడు. నిజంగా వచ్చాడు. క్షేమంగా ఉన్నాడు. ఈ ఉత్తరం మడిచిపెట్టి వెంటనే అన్నం తిను.

నీ మనీషా

తా.క.: ఏ పేజీలో వచ్చాడని మాత్రం అడగొద్దు.

*

రాజోలి,
జనవరి 20.

కృతజ్ఞతతోను, కొన్ని సందేహములతోను పుష్పమ్మ వ్రాయునది.

డేనియల్ వచ్చినందుకు స్తోత్రం. గని బిడ్డా, ప్రార్థన ఫలించినంక సంఘం ముంగట నిలబడి సాక్ష్యం చెప్పాలె కద. ఊరికె వచ్చిండు అంటే ఎవరు నమ్ముతరు? దేని మీద వచ్చిండు? మూడేండ్లు ఉత్తరమెందుకు రాయలే? అత్త ఏ మొహం పెట్టుకున్నది? మార్తా వానిని తిట్టిందా, ఏడ్చిందా? తిట్టకుంటె మాత్రం నేను ఒప్పుకోను.

ఒక్కటి సుత ఇడిసిపెట్టకుండ రాయి.

మీ అవ్వ

తా.క.: జోగులమ్మ మొక్కు చెల్లించింది. నా వంతుకు కాలు వచ్చింది. ముదురుగున్నది.

*

వనపర్తి,
ఫిబ్రవరి 24.

అవ్వా,

ఇన్నాళ్లు ఆలస్యమైనందుకు ముందుగా తిట్టుకో. రేఖా మేడం నాకు శిక్ష వేసింది. "మీ అవ్వకు చెప్పేదేదో ముందు ఇంగ్లీషులో రాసి చూపించు. తప్పుల్లేకుంటేనే పోస్టు చేస్తా" అంది. పదకొండుసార్లు తిరగరాశా. డేనియల్ పడవలో వస్తే తెలియని మాటలు చాలా వస్తున్నాయని గుర్రం ఎక్కించా. మార్తా తిట్టింది అవ్వా, కడుపు నిండా తిట్టింది. అంతా భూతకాలంలోనే తిట్టింది, లేకుంటే మేడం ఒప్పుకోలేదు.

ఇంతలో ప్రీఫైనల్ వచ్చింది. "మార్తా తలుపు తీశాక ఏం జరిగి ఉంటుంది?" అని ప్రశ్న. అందరూ ఫ్యాను వైపు చూస్తున్నారు. నేను మాత్రం రెండుసార్లు లేచి కాగితాలు అడిగా. యాభై ఏడు వచ్చాయి!

కానీ సంతోషంగా లేదు. డేనియల్ రాలేదవ్వా. ఎవరో తలుపు తట్టారు, మార్తా తీసింది, అక్కడితో పాఠం ఆపేశారు. నువ్వు తిండి మానేస్తున్నావన్న భయంతో అబద్ధం రాశాను. దానికి నువ్వు సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్పి ఉంటావు. ఏడుపొస్తోంది. క్షమించు.

నీ మనీషా

తా.క.: జోగులమ్మకు నా మొహం ఎట్లా చూపించను?

*

రాజోలి,
మార్చి 3.

మనుమరాలి అబద్ధమును క్షమించి, తన అబద్ధమును ఒప్పుకొనుచు పుష్పమ్మ వ్రాయునది.

యాభై ఏడా! నా బంగారు తల్లీ! మీ నాయినకు ఫోన్ చేసి, "పిల్ల ఇంటర్ల చేరుతది, అడ్డం పడ్డవంటె చూడు" అన్న. వాడు సరే అన్నడు. నా కొడుకు, అనకేం చేస్తడు?

ఇగ నా సంగతి. మార్తాది కథ అని నాకు మొదటి ఉత్తరం నాడే తెల్సు. ఆ ఉత్తరం పోస్టు చేసిన దినమే రేఖా మేడం ఫోన్ చేసింది. "పాఠం తెరువమంటే తెరువదు, మీకు మాత్రం పాఠమంతా రాసింది" అన్నది. నువ్వు సదువుమంటె సదువవు, చెప్పుమంటె చెప్తవు. చిన్నప్పటికెళ్లి గంతే. అందుకె నేను అడిగిన, ఆమె రాయించింది. ఆ శిక్ష సుత ఇద్దరం కూడి ఏసిందే. సాక్ష్యం గీక్ష్యం ఏం చెప్పలే.

ఉపాసం మాత్రం నిజం బిడ్డా. చీటీల రాసింది నీ పేరు. కండ్లు తిరిగినయన్నది అబద్ధం, పాస్టరమ్మ మధ్యల జావ తాపింది.

నిన్ను చూసి గర్వపడుతున్న
మీ అవ్వ పుష్పమ్మ

తా.క.: జోగులమ్మకు ఇంకా చెప్పలే. నిన్న చేనుకాడ, "డేనియల్ మళ్ల పనికి పోయిండా, ఇంటిపట్టున ఉన్నడా?" అని అడిగె. అప్పటికెళ్లి నాకు సుత నెమ్మది లేదు. ఇంతకు తలుపు తట్టింది ఎవరే? రేఖా మేడంకు సుత తెల్వదంట. ఇంటర్ పుస్తకంల మిగతాది ఉంటదేమో, జల్ది పోయి చేరు.