మా గడప పక్కన ఎత్తు రాయి

వినుత గారికి,

మొన్న కేజీఎఫ్‌లో మా గడప పక్కన నేలలో పాతిన ఎత్తు రాయిని, అంటే మీ సర్వే గుర్తు రాయిని, కొలిచి, మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లారు. ఇప్పుడు ఆ రాయిని తీసేస్తామని మీ సర్వే ఆఫీసు నుంచి కబురొచ్చింది. తియ్యనివ్వం.

సముద్రమట్టం నుంచి మేమెంత ఎత్తులో ఉన్నామో ఇన్నాళ్లూ ఆ రాయి చెప్పేదని, ఇకమీదట ఉపగ్రహాలు చెబుతాయని మీరన్నారు. చెప్పనివ్వండి. కొత్త లెక్కలో మా ఎత్తు జానెడు తగ్గింది. "పద్ధతి మారిందంతే, నేల కదల్లేదు" అన్నారు. మరి బంగారుపేట స్టేషన్ దగ్గరి రాయి బొటనవేలంతే తగ్గిందని మీరే చూపించారు కదా! పద్ధతి ఇద్దరికీ ఒకటే అయినప్పుడు మాకెందుకంత ఎక్కువ?

బంగారుపేట కింద గనుల్లేవు, మా ఇంటి కింద పాత బంగారు గని సొరంగాలున్నాయి. మా అత్త ఆలిస్ మీ ఎదుటే అడిగింది: "లెక్క మారితే మా తలుపు ఏంటికమ్మా మూసుకోకుండా ఉండాది?" మీరు కాఫీ బాగుందన్నారు.

రాయి పోతే నేల ఎంత కుంగిందో చూపించడానికి మా దగ్గర ఏమీ మిగలదు. అందుకే అత్త దాని మీదే కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఎవురొస్తారో రానీ, ఇంగ నేను లేసేది లేదు" అంటోంది.

బంగారుపేట నుంచి మా గడప దాకా పాత పద్ధతిలోనే మళ్లీ కొలుచుకుంటూ రండి. తేడా ఎంతుంటే అంతా రాసి, కింద సంతకం పెట్టండి.

వచ్చినప్పుడు తలుపు తట్టక్కర్లేదు. అదెలాగూ మూతపడటం లేదు.

ఆలిస్ కోడలు