కాసేపు ఆగే మెనూ

ఔలు,
నవంబరు 17, ఆదివారం.

ప్రియమైన తెర్హికి,

కైసు రాయించునది. నువ్వూ, మీ అమ్మగారూ, ఆ ముసలి పిల్లీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం ఉన్నాం. మంచు ఈసారి ముందే పడింది. మధ్యాహ్నం మూడింటికే దీపాలు వేసుకుంటున్నాం. అంతకుమించి చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు.

దస్తూరి చూసి కంగారు పడకు. నా కుడి చెయ్యి బెణికింది. నేను చెబుతుంటే మా అన్నయ్య ఇల్పో భార్య, మర్యుత్ వదిన, రాస్తోంది. బెణికిందని రాయమంటే నావైపు ఒక చూపు చూసి మరీ రాసింది. బడిలో చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించే మనిషి కాబట్టి, నా రాత కంటే ఇదే నీ కళ్లకు సుఖం. మెయిలు చూడటం మానేశానని నువ్వే ప్రకటించావు కాబట్టి ఇన్నేళ్ల తర్వాత తపాలా బిళ్ల కొనాల్సి వచ్చింది.

సల్పా మొదటి పేజీలో నువ్వు పెట్టిన నోటీసు చదివాను. కొత్త సంవత్సరం నుంచి చూడను, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుని నడుపుకోండి, నాకిక ఓపిక లేదు అని రాశావు. అందులో ఎక్కడా కోపం లేదు. అదే నాకు దిగులు పుట్టించింది. నువ్వు ఎవర్నైనా తిడుతున్నావంటే బాగానే ఉన్నావని లెక్క.

కింద జనం రాసినవి కూడా చదివాను. మా కంపెనీ మొత్తం మీ మెనూల మీదే నడుస్తోంది, ఇలా నడిమధ్యలో వదిలేస్తే మేమేం కావాలి, ముందుగా చెప్పాలన్న ఇంగితం ఉండక్కర్లేదా అని ఒకడు నిలదీశాడు. ఆ కంపెనీ నీకు ఏనాడైనా ఒక కాఫీ ఇప్పించిందా? ఇంకొకడు పాపం మంచివాడు. థాంక్స్ చెప్పి, పనిలో పనిగా, క్యాలెండరులో వారం సోమవారంతో కాకుండా ఆదివారంతో మొదలవుతోంది, అదొక్కటీ సరిచేసి వెళ్లమన్నాడు.

ఇక్కడ వదిన కలం ఆపి, ఇంతకీ ఆ సల్పా ఏంటే, నాకెప్పటికీ అర్థం కాదు అంది. వెబ్ పేజీలు కట్టేవాళ్ల కోసం బొత్తాలు, మెనూలు, క్యాలెండర్లు తయారుచేసి ఉత్తినే ఇస్తాం, బస్సు టికెట్ల పేజీలోనూ మందుల షాపు పేజీలోనూ నువ్వు నొక్కేవి మావే అయ్యుంటాయి అని చెప్పాను. అంటే ఊరందరి తలుపులకీ గడియలు చేసి ఊరికే ఇచ్చి, అవి బిగుసుకుంటే తిట్లు కూడా మీరే తింటారన్నమాట, ఎవరు కన్నారే మిమ్మల్ని అంది. ఇది కూడా రాయనా అని అడిగింది. రాయమన్నాను.

గడియ అనగానే మీ సరస్సు ఇల్లు గుర్తొచ్చింది. సౌనా ఆవిరి గది తలుపుకి గడియ పడక, ఒకరు కాలితో తలుపు అదిమి పట్టుకుంటే ఒకరు నీళ్లు పోసుకుంటూ, మనం చేయబోయే దానికి సల్పా అనే పేరు పెడదామే, గడియ అంటే అందరికీ అర్థమవుతుంది అని నువ్వే అన్నావు. ఆ తలుపుకి మాత్రం ఇప్పటికీ గడియ పెట్టించి ఉండవు.

నాలుగేళ్ల కిందట మీ ఊరి తమ్మెల సంతలో మనం ఎలా విడిపోయామో నేను మర్చిపోలేదు. నల్ల సాసేజి చల్లారిపోతుండగా, నాకు ఇక్కడ బ్యాంకులో మంచి ఉద్యోగం వచ్చింది, ఉత్తి పని ఇక నావల్ల కాదు అన్నాను. సరే పోవే, జీతమిచ్చేవాళ్ల దగ్గరికే పో, గడియ లోపల్నుంచి నేనే వేసుకుంటాలే అన్నావు. నీ ప్లేటులో మిగిలింది పావురాలకి వేసి లేచి వెళ్లిపోయావు. అంచేత, మానెయ్యొద్దని నీకు చెప్పే ముఖం నాకు లేదు. మానెయ్. తనివితీరా నిద్రపో. మీ అమ్మగారిని తీసుకుని ఎటైనా వెళ్లు. ఎవడేమన్నా పట్టించుకోకు.

ఒక్క విషయం కోసం ఈ ఉత్తరం.

డిసెంబరులో ఆఖరి విడుదల చేసి, అందులోంచి అనవసరమైనవన్నీ తీసేస్తానని రాశావు. వాటిలో ఆ ‘నిదానం’ అమరిక కూడా ఉంది. ఒక్కరి కోసం పెట్టినది, ఇంకెవరూ వాడుతున్నట్టు లేదు, దానివల్ల మెనూలు ఆలస్యంగా మూసుకుంటున్నాయని ఫిర్యాదులు వస్తున్నాయి అన్నావు. తెర్హీ, అది తియ్యకు.

ఆ మెనూ మొదట రాసింది నేనే కదా. మౌసు కాస్త పక్కకి జరిగితే చాలు, టక్కున మూసుకోవాలని పట్టుబట్టిందీ నేనే. ఎంత చురుగ్గా ఉందో చూడవే అని నీకు పదే పదే తెరిచి మూసి చూపించాను. కుదురైన చేతులున్నవాళ్ల ముచ్చట అది. నిరుడు వసంతంలో హియెక్కా అనే పేరుతో ఎవరో, నాకు చెయ్యి వణుకుతుంది, కావలసిన వరుస దాకా వెళ్లేలోపే మీ మెనూ మూసుకుపోతోంది అని రాశారు. వణికే చేతులకి కంప్యూటరు ఎందుకట అని ఎవడో వెటకారం చేశాడు. వాణ్ణి నువ్వు నిమిషంలో బయటికి గెంటావు. తర్వాత మీ నాన్నగారి ఉన్ని గ్లౌజు చేతికి తొడుక్కుని, ఆ చేత్తో మౌసు పట్టుకుని నువ్వే ప్రయత్నించి చూశావు. మా నాన్న గ్లౌజు తొడుక్కుంటే నాకే చేతకావడం లేదు, మీరు చెప్పింది నిజం, తొందరేమీ లేదు, మీ చేతికి ఎంతసేపు కావాలో చెప్పండి, మెనూ అంతసేపూ ఆగుతుంది అని అందరికీ కనబడేలా జవాబు రాశావు.

నేను దాన్ని చాలాసార్లు చదివాను. సల్పాలో నాకు నిజంగా గర్వంగా ఉన్నది అదొక్కటే, అది నేను చేసింది కాదు. అడిగింది ఒక్కరే అయినంత మాత్రాన అవసరం ఒక్కరికే అనుకోకు. మిగతావాళ్లు నీకు రాయరు. ఇంట్లో ఎవరినో ఒకరిని పిలిచి, కాస్త ఇది నొక్కిపెట్టు అని బతిమాలుకుంటారు. అలా అడిగీ అడిగీ మనిషికి విసుగొస్తుంది.

వదినకి వేళ్లు నొప్పి పుడుతున్నాయట. యాలకుల బన్నులు పొయ్యిలోంచి తీసే వేళ కూడా అయింది. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడకి నామీద ఇంకా కోపం ఉంటే చెప్పకు.

ఉంటాను.

నీ
కైసు

తా.క. వదిన కవరు అంటించబోతుంటే ఆపాను. ఇది నా చేత్తో రాస్తున్నాను. అక్షరాలు చూడు.

చెయ్యి బెణకలేదు. పార్కిన్సన్. సంతలో కలవడానికి ముందు వారమే డాక్టరు చెప్పింది. ఏ బ్యాంకూ నన్ను పిలవలేదు. అన్నయ్యా వాళ్ల మేడ మీద ఉంటున్నాను. నీ జాలి కంటే నీ కోపమే మోయడం తేలిక అనుకున్నాను. కాదు.

హియెక్కా నేనే. నా మందులు తెప్పించుకునే పేజీలో నేను రాసిన మెనూయే నా చేతికి అందకుండా మూసుకునేది. ప్రతిసారీ వదినని పిలిచేదాన్ని. ఇప్పుడు పిలవడం లేదు.

నువ్వు మానెయ్. కోడు రాయలేను గానీ చదవగలను. ఎవరైనా మార్పులు పంపితే నీకు బదులు నాకు వచ్చేలా పెట్టు. అవును, కాదు అని నొక్కడానికి ఒక వేలు చాలు.

ఈ నాలుగు ముక్కలు రాసేసరికి బన్నులు చల్లారిపోయాయి. తొందరేమీ లేదన్నావుగా.